డబ్బు తీసుకుని ఆడిన హెఫెల్‌ఫింగర్ కాలేజీ కోచ్‌గా ఎందుకు మారాడు?

ఎందుకంటే 1890లలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడి బతకడానికి లీగ్ అంటూ ఏదీ లేదు. అప్పట్లో ఆ ఆటకు కాలేజీలే దిక్కు. ఆట బాగా తెలిసినవాళ్లంటే తూర్పు తీరంలోని యేల్ లాంటి పెద్ద కాలేజీల కుర్రాళ్లు. యేల్ కోచ్ వాల్టర్ క్యాంప్ దగ్గర తయారైన యేల్ ఆటగాళ్లను మిగతా కాలేజీలు పిలిచి మరీ కోచింగ్ అప్పగించేవి. విలియం హెఫెల్‌ఫింగర్ వాళ్లలో మేటి. గార్డ్ (ముందు వరుసలో ప్రత్యర్థులను అడ్డుకునే ఆటగాడు) స్థానంలో ఆడుతూ 1889 నుంచి 1891 దాకా వరుసగా మూడేళ్లు ఆల్-అమెరికా జట్టుకు (ఆ ఏటి మేటి కాలేజీ ఆటగాళ్ల జాబితాకు) ఎంపికయ్యాడు.

1892 నవంబర్ 12న అలెగెనీ అథ్లెటిక్ అసోసియేషన్ అనే క్లబ్ అతనికి 500 డాలర్లు ఇచ్చి పిట్స్‌బర్గ్ క్లబ్ మీద ఆడించింది. ప్రత్యర్థి చేజారిన బంతి అందుకుని పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు, అంటే బంతిని ప్రత్యర్థి గోల్ గీత దాటించాడు. అప్పుడు టచ్‌డౌన్‌కు 4 పాయింట్లే, మ్యాచ్ 4-0తో ముగిసింది. ఆ చెల్లింపు అప్పట్లో గుట్టుగానే ఉండిపోయింది. అలెగెనీ క్లబ్ ఖర్చుల పద్దులో మాత్రం అతని పేరు, 500 అంకె ఉన్నాయి. అది బయటపడింది దశాబ్దాల తర్వాతే.

1893లో కాలిఫోర్నియా, 1894లో లీహై, 1895లో తన సొంత ఊరు మినియాపోలిస్‌లోని మిన్నెసోటా యూనివర్సిటీ, ఇలా ఏడాదికో కాలేజీకి కోచ్‌గా చేశాడు.

చాలామంది పొరబడేది ఎక్కడంటే, అతను ప్రొఫెషనల్ కెరీర్ వదులుకుని కోచింగ్‌కు వచ్చాడనుకుంటారు. వదులుకోవడానికి అలాంటి కెరీరే లేదు. అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌గా తర్వాత మారిన లీగ్ పుట్టిందే 1920లో.