గిటార్ నెక్ ఇంట్లోనే గీకేసుకోవచ్చా?

ప్రశ్న: నాది మామూలు ఎలక్ట్రిక్ గిటార్. నెక్ (తీగల కింద చేత్తో పట్టుకునే పొడవాటి కాడ) చేతికి లావుగా ఉంది, పైగా వెనక వార్నిష్ చెమటకి అంటుకుపోతోంది. శాండ్‌పేపర్‌తో నేనే గీకేద్దామా, రిపేరు చేసేవాళ్లకి ఇవ్వాలా? – ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: మీవి రెండు వేర్వేరు సమస్యలండీ, ఒకే మూట కట్టేశారు. అంటుకుపోవడానికి ఇంటి వైద్యం చాలు. తీగలు తీసేసి, ఫ్రెట్‌బోర్డ్‌కీ (వేళ్లతో తీగలు నొక్కే ముందు వైపు) హెడ్‌స్టాక్‌కీ (తీగలు బిగించే పై కొస) టేప్ వేసి, వెనక వైపు మాత్రం 600 నంబరు కాగితంతో, తర్వాత 1000తో నిలువుగా తేలిగ్గా రుద్దండి, మెరుపు పోగానే ఆపేయండి. చెక్క బయటపడే దాకా పోవద్దు, అసలే మీ ఊరి గాలిలో తేమ ఎక్కువ. స్టీల్ ఊల్ (సన్నటి ఉక్కు పీచు) వాడితే ముందు పికప్‌లు (తీగల కదలికని అందుకునే అయస్కాంత భాగాలు) మూసేయండి, ఆ ఇనప పొడి అయస్కాంతాలకి పట్టిందంటే ఓ పట్టాన వదలదు.

లావు తగ్గించడం వేరే కథ. నెక్ లోపల ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీ ఉంటుంది, తీగల లాగుడుకి నెక్ వంగిపోకుండా కాసేది అదే. దాని వెనక మిగిలే చెక్క కొన్ని మిల్లీమీటర్లే, ఎక్కువ గీకితే కడ్డీ బయటికొస్తుంది, మళ్లీ అతికించడానికి చెక్కేమీ పిండి కాదు. నేనోసారి పాత గిటార్ మీద ఈ సాహసం చేశాను, నెక్ మధ్యలో గుంట పడి బొటనవేలు ప్రతిసారీ అందులోకే జారేది. ఇంతకుముందు నెక్‌లు చెక్కిన అనుభవం ఉన్నవాళ్లకే ఇవ్వండి. నెక్ స్క్రూలతో బిగించినదైతే ఇంకో దారి ఉంది: అదే స్కేల్ పొడవు (తీగ మోగే భాగం పొడవు), బాడీ గాడిలో సరిగ్గా కూర్చునే సన్నటి నెక్ కొని మార్చుకోండి, పాతది దాచుకోండి.