వాషర్ మార్చినా కారే కుళాయి

అమ్మలూ,

నువ్వు పంపిన వీడియో చూశాను. కొత్త వాషర్ వేశావు, కొన్నాళ్లు బాగానే ఉంది, మళ్లీ టప్ టప్ మొదలైంది. ప్లంబరేమో "కుళాయి పోయిందమ్మా, మొత్తం మార్చేద్దాం" అన్నాడు. అప్పుడే మార్చకు. అది పాతకాలం ఇత్తడి కుళాయి, చేతిలోకి తీసుకుంటే బరువు తెలుస్తుంది. ఇప్పుడు షాపులో చవగ్గా ఇచ్చేవి పైన మెరుపు తప్ప లోపల అంత లోహం ఉండదు. పోయింది లోపల వాషర్ కూర్చునే సీటు, దాన్ని నువ్వే బాగుచేసుకోవచ్చు.

కుళాయి పొట్టలో అడ్డంగా ఒక గోడ, దానికి గుండ్రటి కన్నం, కన్నం చుట్టూ కాస్త పైకి లేచిన ఇత్తడి అంచు ఉంటాయి. ఆ అంచునే సీటు అంటారు. నీళ్లు కింద నుంచి ఆ కన్నంలోంచి పైకి వస్తాయి. నువ్వు పిడి తిప్పినప్పుడు స్పిండిల్, అంటే పిడికి కింద ఉండే కడ్డీ, దిగి వాషర్‌ని ఆ అంచుకి అదిమితే నీళ్లు ఆగుతాయి. అంచు మీద వెంట్రుకంత గీత పడినా చాలు, కట్టేసిన కుళాయిలోంచి కూడా నీళ్లు ఆ సందులో దూరి వస్తూనే ఉంటాయి, అలా వచ్చే నీళ్లే గీతను రోజూ ఇంకాస్త కోస్తాయి. మీ ట్యాంకులో బోరు నీళ్లు కూడా కలుస్తాయి కాబట్టి సన్నటి ఇసుక కూడా తోడవుతుంది. కొత్త వాషర్ మెత్తగా ఉన్నంతకాలం ఆ గీతలోకి అణిగి కప్పేస్తుంది, కాస్త గట్టిపడగానే కథ మొదటికొస్తుంది. అప్పుడు ఇంట్లో వాళ్లంతా చేసేది ఒకటే, ఇంకా గట్టిగా బిగించడం. మా తమ్ముడు, అదే మీ నాన్న, కట్టేసిన కుళాయి మళ్లీ తెరవడం ఇంకొకరి వల్ల కాదు కదా! అలా బిగించి బిగించి వాషర్ చిరిగిపోతే, దాని వెనకున్న ఇత్తడి బిళ్ల, జంపర్ అంటారు దాన్ని, నేరుగా వెళ్లి సీటుని గీకుతుంది.

ఈ అంచుని మళ్లీ సమంగా చెక్కడానికే రీసీటింగ్ టూల్ అని ఒకటుంది. చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు. ఒక ఉక్కు కడ్డీ, పైన తిప్పడానికి పిడి, మధ్యలో కుళాయి మరల్లోకి ఎక్కే కోన్ లాంటి ముక్క, అడుగున పళ్లున్న గుండ్రటి కట్టర్. కోన్ ఉండేది కడ్డీ పక్కకి ఒరగకుండా నిలబెట్టడానికే, సెట్ మొత్తంలో ముఖ్యమైన భాగం అదే. మామూలు హార్డ్‌వేర్ షాపులో ఈ పేరు చెబితే నీ మొహం చూస్తారు, ఎందుకంటే మన దగ్గర కుళాయి మార్చేయడమే అలవాటు, సీటు చెక్కించుకునేవాళ్లు తక్కువ. వన్‌టౌన్‌లో టూల్స్ అమ్మే షాపుల్లో అడిగి చూడు, లేదంటే ఆన్‌లైన్‌లో తెప్పించుకో. మీ ఇంట్లోవి హాఫ్ ఇంచ్ కుళాయిలు, అంటే 15 ఎమ్.ఎమ్. సెట్‌లో రెండు మూడు సైజుల కట్టర్లు వస్తాయి, సీటు అంచు కన్నా కాస్త పెద్దగా ఉండి లోపలి గోడలకు తగలకుండా తిరిగేది ఎంచుకోవాలి.

కొనేముందు ఇంకోటి చూసుకో. పిడి చాలా చుట్లు తిప్పితే గానీ కట్టుపడని కుళాయిలకే ఈ టూల్ పనికొస్తుంది. పావు చుట్టుకే కట్టుపడేవాటిలో సెరామిక్ బిళ్లలుంటాయి, వాటికి కార్ట్రిడ్జ్, అంటే ఆ బిళ్లలున్న లోపలి ముక్క, మార్చడమే. ప్లాస్టిక్ కుళాయిల జోలికి అసలు వెళ్లకు. మీ పెరటి కుళాయి ఒంటిమీద మట్టి తుడిచి చూస్తే ఐ.ఎస్.ఐ. ముద్ర, దాని పైన 781 అన్న అంకె కనిపించవచ్చు, ఇత్తడి స్క్రూ కుళాయిల ప్రమాణం నంబరు అది. కనిపిస్తే ఇక అనుమానమే అక్కర్లేదు. మొదటి ప్రయత్నం కూడా దాని మీదే చెయ్యి. వంటింటి కుళాయితో మొదలుపెట్టి మీ అమ్మ చేత తిట్లు తినకు.

పని పగలు పెట్టుకో, షాపులు తెరిచి ఉన్నప్పుడు, ఇంట్లో బిందెలు బకెట్లు నింపుకున్నాక. మేడ మీద ట్యాంకు దగ్గర గేట్ వాల్వ్ కట్టెయ్యి. ఏళ్ల తరబడి తిప్పనిదైతే బిగుసుకుపోయి ఉంటుంది, రెంచితో బలవంతం చేస్తే దాని పిడే ఊడొస్తుంది, అప్పుడు చిన్న పని కాస్తా పెద్ద పనవుతుంది. కొంచెం ముందుకు, కొంచెం వెనక్కి, ఓపిగ్గా కదిలించు. గీజర్ స్విచ్ కూడా ఆపు. తర్వాత కుళాయి తెరిచి పైపులో మిగిలిన నీళ్లు వదిలెయ్యి, కింద జాలీ మీద పాత తువ్వాలు పరువు. జంపర్ కింద వాషర్‌ని పట్టుకునే బుల్లి నట్టు జారి డ్రైనేజీలో పడిందంటే ఆ పూటకి పని ఆగినట్టే.

ఇప్పుడు అసలు జాగ్రత్త. కుళాయి బుర్ర, అంటే పిడీ స్పిండిలూ ఉన్న పై భాగం, విప్పేటప్పుడు రెండు స్పానర్లు కావాలి, ఒకటి బుర్ర మీద, రెండోది కుళాయి ఒంటిని కదలకుండా పట్టుకోవడానికి. మీది పాత ఇల్లు, గోడలో జీ.ఐ. పైపులు, అంటే జింకు పూత పూసిన ఇనప పైపులు, మరల దగ్గర తుప్పు పట్టి ఉంటాయి. ఒక్క స్పానర్‌తో గుంజితే బుర్రకు బదులు కుళాయే తిరిగి గోడలోపల పైపు విరిగే ప్రమాదం ఉంది, ఆ తర్వాత టైల్స్ పగలగొట్టాల్సిందే. ఈ పనిలో నాకు భయమంటూ ఉంటే దీనికే. బుర్ర విప్పేముందు పిడిని సగం తెరిచి ఉంచు, వాషర్ సీటుకి నొక్కుకుని ఉంటే మరల మీద భారం పడుతుంది. సున్నం పట్టి రాకపోతే చింతపండు గుజ్జు పట్టించి ఒక గంట వదిలెయ్, ఇత్తడి చెంబులు తోమే చింతపండే. బాత్రూమ్ కడిగే యాసిడ్ మాత్రం పొయ్యకు, పైన పాలిష్ పోతుంది, ఇత్తడినీ తింటుంది.

బుర్ర వచ్చాక పాత వాషర్ తిప్పి చూడు. దాని మీద గుండ్రటి గాడి పడి ఉంటుంది. గాడి చుట్టూ ఒకేలా ఉంటే తప్పు వాషర్‌ది. ఒకచోట తెగినట్టో ఉబ్బినట్టో ఉంటే తప్పు సీటుది. తర్వాత సెల్‌ఫోన్ టార్చ్ వేసి లోపలికి చూడు, చిటికెన వేలితో అంచు చుట్టూ తడుము. గీత కంటికి కనపడకపోయినా వేలికి తగులుతుంది.

టూల్ దించేముందు నేనొక చిన్న పని చేస్తాను. సీటుని గుడ్డతో పొడిగా తుడిచి, అంచు మొత్తానికీ నల్ల మార్కర్ పూసేస్తాను. ఆ తర్వాత టూల్ దించి, కోన్‌ని చేత్తో బిగించి, పిడిని కుడివైపుకే, అంటే గడియారం ముల్లు తిరిగే వైపే, గంధం తీసినంత నెమ్మదిగా ఒకటి రెండు చుట్లు తిప్పాలి. అటూ ఇటూ ఆడించకూడదు, అలా చేస్తే అంచు మీద గరగరమని మెట్లు పడతాయి. పైకి తీసి చూస్తే కట్టర్ తగిలిన చోట కొత్త ఇత్తడి బంగారంలా మెరుస్తుంటుంది, పల్లం ఉన్నచోట నలుపు అలాగే ఉంటుంది. నలుపు మిగిలితే మళ్లీ ఒక చుట్టు, మళ్లీ చూడ్డం. చుట్టూ తెగకుండా మెరిసే వలయం రాగానే ఆపెయ్. అద్దంలా చేద్దామని ఇంకా తిప్పావో, అంచు మొత్తం అరిగిపోయి గోడే మిగులుతుంది, అప్పుడు స్పిండిల్ పూర్తిగా దిగినా వాషర్ అందదు. ఇత్తడి మెత్తటి లోహం, చేతి బలం అక్కర్లేదు. పళ్లు పట్టేస్తున్నట్టు అనిపిస్తే నువ్వు ఎక్కువ నొక్కుతున్నావని అర్థం.

చాలామంది తొందరపడేది ఆ తర్వాతే. లోపల ఇత్తడి రజను ఉంటుంది, దాన్ని అలాగే వదిలి బుర్ర బిగిస్తే ఆ రజనే కొత్త వాషర్‌లో గుచ్చుకుని మొదటి రోజు నుంచే కారుతుంది. బుర్ర పెట్టకముందే, బుర్ర తీసిన కన్నం మీద గుడ్డ అడ్డుపెట్టి, పైన ఎవరినైనా వాల్వ్ కొద్దిగా తెరిచి వెంటనే మూసెయ్యమను. నీళ్లు బుస్సున వస్తాయి, తడుస్తావు, ఫర్వాలేదు.

కొత్త వాషర్ సీటుకు సరిపోవాలి, చిన్నదైతే మధ్యలోకి కుంగిపోతుంది. గీజర్ లైన్‌కి వేడికి తట్టుకునేది అడిగి తీసుకో. హవాయి చెప్పు కోసి వాషర్ చేసుకోవడం మనవాళ్లందరికీ తెలుసు, అది ఆ రాత్రి గడవడానికి సరే, అంతకుమించి నమ్మకు. స్పిండిల్ మరలకి కొబ్బరి నూనె, బండి గ్రీజు రాయకు, రబ్బరు పాడవుతుంది. కావాలంటే సిలికాన్ గ్రీజు. బుర్ర మళ్లీ పెట్టేటప్పుడు కూడా పిడి తెరిచే ఉంచు, స్పానర్లు రెండూ వాడు. నీళ్లు వదిలాక రెండు వేళ్లతో తిప్పి కట్టు. రెండు వేళ్లకు ఆగిందంటే సీటు కుదిరినట్టు. ఆ తర్వాత మీ నాన్నని ఆ కుళాయికి దూరంగా ఉంచడం నీ బాధ్యత.

వంటింటి కుళాయి తెరిచినప్పుడు పిడి దగ్గర చెమ్మ వస్తోందన్నావు, దానికి ఈ టూల్‌తో పనిలేదు. పిడి కింద స్పిండిల్ చుట్టూ ఉండే గ్లాండ్ నట్టుని పావు చుట్టు బిగించి చూడు. తగ్గకపోతే నీళ్లు కట్టేసి, నట్టు ఎత్తి, టెఫ్లాన్ టేపుని దారంలా పేని స్పిండిల్ చుట్టూ నాలుగైదు చుట్లు పెట్టి మళ్లీ బిగించు. పిడి మరీ బిగుసుకుపోతే నట్టు కాస్త వదులు చెయ్యి.

టార్చ్ వేసినప్పుడు కుళాయి ఒంటిమీద చీలిక కనిపించినా, సీటు మీద గుంట లోతుగా ఉండి రెండు మూడు విడతలు చెక్కినా నలుపు పోకపోయినా, స్పిండిల్ మరలు అరిగి పిడి ఊరికే తిరుగుతున్నా ఇంక దానితో కుస్తీ పట్టకు, అప్పుడు మార్చెయ్యడమే మంచిది. అలాంటిది పాత ఇనప సామాన్ల వాడికి వేసినా ఇత్తడి రేటు వస్తుంది, ప్లంబర్‌కి ఊరికే ఇచ్చెయ్యకు.

పని అయ్యాక కట్టర్లు తుడిచి ఒక చుక్క మెషిన్ ఆయిల్ రాసి డబ్బాలో పెట్టు, ఉక్కు కదా, తడి ఉంటే తుప్పు పడుతుంది. పక్కవాళ్లు ఎలాగూ అడుగుతారు. ఇవ్వు, కానీ తిరిగి తీసుకునేటప్పుడు కట్టర్లు లెక్క చూసుకో.

మీ పెదనాన్న