మూడో పేజీలోని ఆ గిన్నె

పశ్చిమ మాంబళం, చెన్నై
మే నెల

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

మీ అక్క ప్రయాణం మీద నువ్వు రాసిన కథ అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి రాత్రి పడుకోబోయే ముందు, రెండోసారి ఈ ఉదయం మేడ మీద మాగాయ ముక్కలకు కాపలా కూర్చుని. కాకులను తోలుతూ చదవడం వల్ల కాగితాల మీద అక్కడక్కడా పసుపు మరకలు పడ్డాయి. ఏమీ అనుకోకు.

కథ బాగుందా అని అడిగావు. ఆ మాటకు ముందు మూడో పేజీ సంగతి చెప్పాలి. తెల్లవారితే సియోల్ వెళ్ళబోయే పెద్దమ్మాయి, తాను ఇకమీదట తినబోయే తిండిని ఇంట్లోవాళ్ళకు రుచి చూపించాలని అందరినీ కొరియా భోజనశాలకు తీసుకెళ్ళింది. బిబింబాప్ వచ్చింది. అడుగున అన్నం, పైన క్యారెట్, పాలకూర, మొలకలు, పుట్టగొడుగులు దేనికది విడివిడిగా, మధ్యలో ఎర్రటి మిరప ముద్ద. అప్పుడు నువ్వు రాశావు: "అమ్మ అక్క గిన్నెను తన వైపు లాక్కుని కలపడం మొదలుపెట్టింది."

ఆ వాక్యం దగ్గర కాగితాలు పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను. కొరియా భాషలో ఆ పేరుకు అర్థమే కలిపిన అన్నం. ఆ సంగతి ఆ తల్లికి తెలియదు. ఇరవై ఆరేళ్ళ కూతురి ముందు కలపని అన్నం కనబడింది, చెయ్యి దానంతట అదే వెళ్ళింది. ఈ ఉత్తరం ఇంత పొడుగు రాయడానికి కారణం ఆ ఒక్క వాక్యమే. నీకు చూపు ఉంది.

దాని వెనకాల ఉన్న వాక్యం మాత్రం కొట్టేయి. "ఆమె ప్రేమంతా ఆ అన్నంలో కలిసిపోయింది" అన్నావు. చదివేది తెలుగువాళ్ళమ్మా. అమ్మ అన్నం కలిపి పెడితే తిన్నవాళ్ళే అందరూ. వాళ్ళు అప్పటికే ఆ బల్ల దగ్గరకు వచ్చి కూర్చున్నారు. నువ్వు విప్పి చెప్పగానే లేచి వెళ్ళిపోతారు.

ఇక నాయనమ్మ సంగతి. నీ కథలో ఆమె కిమ్చి ఒక ముక్క నోట్లో వేసుకుని "మన ఆవకాయ ముందు ఇదెంత!" అంటుంది, అందరూ నవ్వుతారు. నేను నమ్మలేదు. కార్తీకంలో ఉల్లి, వెల్లుల్లి ముట్టని మనిషి అని మొదటి పేజీలో నువ్వే రాశావు. అలాంటి మనిషి తెలియని చోట, తెలియని ఎర్రటి వస్తువును ఏమీ అడగకుండా నోట్లో వేసుకుంటుందా? కిమ్చి ఎలా చేస్తారో నువ్వు కనుక్కుని ఉండవలసింది. పెద్ద క్యాబేజీని నిలువునా చీల్చి, ఉప్పులో ఊరబెట్టి, కడిగి, ఆకు ఆకుకీ మధ్య మిరపపొడి, వెల్లుల్లి, అల్లం, ముల్లంగి ముక్కలు కూరి, జాడీలో అదిమి పులియబెడతారు. చాలా ఇళ్ళలో ఆ ముద్దలోనే ఉప్పులో ఊరిన చిన్న రొయ్యలో, చేపల రసమో కూడా పడుతుంది. మీ నాయనమ్మ ముందుకు అది వచ్చినప్పుడు బల్ల దగ్గర ఎవరో ఒకరి చెయ్యి ఆగి తీరాలి. "ఇందులో ఏమేం వేస్తారు?" అన్న ప్రశ్న పుట్టి తీరాలి. ఆ ప్రశ్న లేకపోవడంతో నీ కథ మూడో పేజీ చివర నేల విడిచింది.

అక్కడ బౌద్ధ విహారాల్లో సన్యాసులు చేసుకునే కిమ్చి వేరు. అందులో చేపా ఉండదు, ఉల్లి, వెల్లుల్లీ ఉండవు. సియోల్ వెళ్ళే పిల్ల ఆ సంగతి ముందే చదివి, అలాంటిది నాయనమ్మ కోసం ఒక గిన్నెడు చేసిపెడతారా అని రెండు రోజుల ముందే ఫోను చేసి అడిగిందనుకో. వాళ్ళు కుదరదన్నా సరే. నీ రెండో పేజీలోని కన్నీళ్ళన్నీ తీసేసి ఆ ఫోను ఒక్కటి ఉంచినా నాకు చాలు.

ఆవకాయ మాటకు ఇంకో అభ్యంతరం కూడా ఉంది. అది మీ నాయనమ్మ మాట కాదు. విదేశం వెళ్ళే పిల్లల కథలు రాసే మనమందరం నాయనమ్మల నోట్లో పెడుతూ వచ్చిన మాట. నా తొలి కథల్లో నేనూ పెట్టాను. మనకు ఎండాకాలంలో ఆవకాయ ఎలాగో, వాళ్ళకు చలికాలం ముందు కిమ్చి అలాగ. ఇరుగూ పొరుగూ చేరి, వందల క్యాబేజీలు ముందు వేసుకుని, చలికాలమంతటికీ సరిపడా పెట్టుకుని పంచుకుంటారు. కిమ్జాంగ్ అనే ఆ ఉమ్మడి పనిని 2013లో యునెస్కో మానవాళి వారసత్వంగా గుర్తించింది. అంతమంది ఆడవాళ్ళ చేతులు మంటలెత్తి తయారైన వస్తువును ఒక్క మాటతో తీసిపారేసే మనిషి కాదు మీ నాయనమ్మ. జాడీ కట్టే మనిషికి ఇంకో జాడీ విలువ తెలుస్తుంది.

నా ఇంట్లో జరిగినది ఒకటి చెబుతాను.

ఇరవై రెండేళ్ళ కిందట మా అమ్మాయి జపాను వెళ్ళింది. ప్రయాణం ముందు రాత్రి ఇల్లంతా పెట్టెలు. తూకం వెయ్యడం, బరువెక్కువైందని తియ్యడం, మళ్ళీ సర్దడం. ఆ గందరగోళంలో మా అమ్మాయి ఒక చిన్న డబ్బా తెరిచింది. జపాను భాష నేర్పిన టీచరమ్మ ఇచ్చారట. లోపల ముడతలు పడిన ఎర్రటి పళ్ళు, ఉసిరికాయంతవి. ఉమెబోషి అంటారు. మా ఆయన నాలుక చివరతో తాకి వదిలేశారు. నేను కొసరంత కొరికి మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళాను. అంత ఉప్పు, అంత పులుపు నేను అంతకుముందు ఎరగను.

మా అత్తగారికి అప్పటికి ఎనభై దాటాయి. "ఉప్పా, పులుపా?" అని అడిగింది. "రెండూ నానమ్మా" అంది పిల్ల. ఆవిడ ఒక పండు మొత్తం నోట్లో వేసుకుంది. కళ్ళు మూసుకుపోయాయి, ముఖం ఒక పక్కకు లాగేసింది. ఉమ్మేస్తుందని నేను గిన్నె తెచ్చాను. ఉమ్మలేదు. మాగాయ టెంకను చప్పరించినట్లే దాన్ని నెమ్మదిగా బుగ్గలోకి తిప్పుకుంది. మేము మళ్ళీ పెట్టెల్లో పడ్డాం. ఎంతసేపటికో అరచేతిలోకి టెంక తీసింది. పీచు అన్నది లేకుండా నున్నగా ఉంది.

"దీన్ని ఎండలో పెట్టారే" అంది.

అవునంది మా అమ్మాయి. జూన్‌లో కాయలు కోసి ఉప్పులో ఊరబెడతారని, వానలు వెలిశాక మంచి ఎండ చూసి మూడు రోజులు ఆరబెడతారని టీచరమ్మ చెప్పారట. ఆ ఎరుపు ఒక ఆకు నుంచి వస్తుందట.

"మూడు రోజులా?"

"మూడు రోజులే."

"అయితే అక్కడా ఎండ కాస్తుందన్నమాట" అని ఆవిడ వెళ్ళి పడుకుంది. అంతకుముందు వారం రోజులుగా ఆవిడ మమ్మల్ని నిలవనివ్వలేదు. అక్కడ మంచు పడుతుందటగా, బట్టలు ఎలా ఆరతాయి, పిల్ల తలంటు పోసుకుంటే జుట్టు ఎలా ఆరుతుంది అని. ఆ రాత్రి మాత్రం నిద్రపోయింది. ఆవిడ పంటి కింద పడినది పరాయి పండు కాదు. పిల్ల వెళ్ళే ఊరి గురించి తనకంటూ తెలిసిన ఒక సంగతి అందింది. ఆ వయసులో ఆవిడ జపాను వెళ్ళగలిగిన దారి అదొక్కటే.

నేను దాన్ని రాయలేదమ్మా. ఆ నెలలోనే కథ రాశాను, అచ్చయింది కూడా. అందులో మీనంబాక్కం విమానాశ్రయం, అద్దాల తలుపులు, చెయ్యి ఊపే తల్లి. మెచ్చుకుంటూ ఉత్తరాలు వచ్చాయి. అత్తగారు పోయిన తరువాత, ఒక ఎండాకాలం మాగాయ ఊట పిండుతుంటే ఆ రాత్రి గుర్తొచ్చింది. రాద్దామని కూర్చుంటే ఆవిడ అప్పుడు మంచం మీద ఉందో పీట మీద ఉందో తెలియదు. డబ్బా చెక్కదో ప్లాస్టిక్‌దో తెలియదు. మా అమ్మాయిని అడిగితే అసలు నానమ్మ తిన్నది సగం పండే అంటుంది. ఇప్పుడు నీకు చెప్పినది నాకు మిగిలినంత. మిగతాది పోయింది, ఇక రాదు.

నీకు ఆ గతి పట్టకూడదని ఇంత చెబుతున్నాను. మీ అక్క వెళ్ళి నాలుగు నెలలే అయింది కదా. అందరూ ఉన్నారు. ఇవాళే ఒక నోటుబుక్కు తీసుకుని ఎవరు ఎక్కడ కూర్చున్నారో రాసిపెట్టు. ఎవరి గిన్నెలో ఎంత మిగిలిందో రాసిపెట్టు. లోహపు పుల్లలతో తినబోయి ఎవరు విరమించుకున్నారు? బిల్లు ఎవరు కట్టారు, మీ నాన్నగారు కట్టబోతే అక్క వద్దందా? తన జీతంతో అమ్మానాన్నలకు భోజనం పెట్టించాలని ఆ పిల్ల ఎన్నాళ్ళుగా అనుకుందో. నీ కథలో బిల్లు ఊసే లేదు.

మీ నాయనమ్మ మాటతీరును కూడా దిద్దకు. నాలుగు తరాలుగా చెన్నైలో ఉన్న ఇల్లు. ఆమె పులుసును కొళంబు అంటే కొళంబు అనే రాయి. సినిమా తెలుగు ఆమె నోట్లో అతకదు.

ఇంకొకటి. చెన్నైలో కొరియా భోజనశాల ఎందుకుంది? నీ కథలో అది ఆకాశం నుంచి ఊడిపడింది. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో హ్యుందాయ్ వాళ్ళ కర్మాగారం నుంచి 1998లో కార్లు రావడం మొదలైంది. ఆ పని మీద, దాని వెంట వచ్చిన విడిభాగాల కంపెనీల పని మీద అక్కడి కుటుంబాలు ఇక్కడికి వచ్చి కాపురాలు పెట్టాయి. వాళ్ళకోసం పుట్టిన వంటశాలలివి. అంటే మీ అమ్మ ఆ రాత్రి తిన్నది ఎవరో ఒక తల్లి అక్కడి నుంచి సాగనంపిన పిల్లల తిండి. వాళ్ళు కూడా మొదటి రోజు మన చారు ముందు చెంచా పట్టుకుని ఇలాగే ఆగి ఉంటారు. పక్క బల్ల దగ్గర ఒక కొరియా కుటుంబం ఉందని నువ్వు రాశావు గానీ వాళ్ళను గోడకు వేసిన బొమ్మలా వదిలేశావు. వాళ్ళ పిల్లలు ఏ భాషలో అల్లరి చేస్తున్నారో విన్నావా? వడ్డించిన కుర్రవాడికీ సగం వాక్యమే దక్కింది. ఈశాన్య రాష్ట్రాల ముఖం అన్నావు, అక్కడే ఆగిపోయావు. అతనూ ఇల్లు వదిలి వచ్చినవాడే. మీ నాయనమ్మ అతనితో తమిళంలో ఏదో అడిగి ఉంటుంది. అతను ఏ తమిళంలో జవాబిచ్చాడు?

నాకు తోచిన ముచ్చట ఒకటుంది. కొరియా ఇళ్ళలో పెద్దవాళ్ళు చెంచా ఎత్తేదాకా పిన్నలు తినడం మొదలుపెట్టరు. సియోల్ వెళ్ళబోయే పిల్ల అది నేర్చుకునే ఉంటుంది. మీ నాయనమ్మేమో అందరి విస్తళ్ళూ నిండాయా లేదా చూడకుండా ఏనాడూ ముద్ద ఎత్తి ఉండదు. మనవరాలు నాయనమ్మ కోసం, నాయనమ్మ మనవరాలి కోసం ఆగి కూర్చుంటారు. గిన్నెల మీద ఆవిరి సన్నగిల్లుతూ ఉంటుంది. ఇది నా ఊహ, నీకు ఇవ్వడం లేదు. ఆ రాత్రి ఆ బల్ల దగ్గర నిజంగా జరిగినది దీనికంటే గొప్పగా ఉండి ఉంటుంది. దాన్ని పట్టుకో.

విమానాశ్రయం పేజీన్నర మొత్తం తీసెయ్యి. అందులో నీది ఏదీ లేదు. పైగా అమ్మ చివరి నిమిషంలో అక్క చేతిసంచిలో ఆవకాయ సీసా దూర్చిందన్నావు. అలాంటి పచ్చడిని విమానంలోకి చేతిసంచిలో రానివ్వరు, తనిఖీ దగ్గరే తీసేస్తారు. పెట్టెలో పెట్టిందని రాస్తే సరిపోతుంది. కావాలంటే వెళ్ళిన తరువాతిది ఒక్క ముక్క ఉంచుకో. అక్కడి గడియారం మనకంటే మూడున్నర గంటలు ముందు. మీ అమ్మ రాత్రి ఎనిమిదిన్నరకు కంచం ముందు కూర్చునేసరికి అక్కడ అర్ధరాత్రి. తిన్నావా అని అడగాలంటే సాయంత్రం ఆరు లోపే అడగాలి. మీ ఇంట్లో ఆ ఫోను ఇప్పుడు ఎన్నింటికి వెళ్తోందో చూడు.

చివరికి ఒక ప్రశ్న దాచుకున్నాను. కథలో అమ్మ ఏం తిన్నదో ఉంది. నాన్నగారు రెండు ముద్దలు తిని పెరుగు కావాలన్నారని ఉంది, నాకు అది ఎంతో నచ్చింది. నాయనమ్మ సరే, అక్క సరే. బల్ల చివర ఒక చెల్లెలు కూడా కూర్చుని ఉంది. అన్నీ చూస్తోంది, అందరి గిన్నెలూ లెక్కపెడుతోంది. ఆ పిల్ల ముందు గిన్నె పెట్టడం మరిచిపోయావు. ఎనిమిది పేజీల్లో ఎక్కడా ఒక్క ముద్ద తినలేదు, ఒక్క మాట మాట్లాడలేదు. మర్నాటి నుంచి గదిలో రెండో మంచం ఖాళీగా ఉండేది ఆ పిల్లకే కదా.

ఆ రాత్రి నువ్వేం తిన్నావు? అది రాసి పంపు. మాగాయ కలిపేసరికి ఇంకో నాలుగు రోజులు పడుతుంది, ఆ తరువాత నాకు తీరికే.

ఆశీస్సులతో.