ఫ్లాట్ నీకే రాసిస్తానంటున్నారు, ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 36. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. హైదరాబాద్‌లో ప్రైవేట్ స్కూల్లో టీచర్‌ని, జీతం 28 వేలు. మావారు సాఫ్ట్‌వేర్, నెలకు లక్షా 40 వేలు చేతికొస్తాయి. ఎనిమిదేళ్ల పాప ఉంది. ఏడాదికి పైగా విడిగా ఉంటున్నాం. గొడవల్లేకుండా ఇద్దరం ఒప్పుకుని విడాకులు తీసుకుందామనుకుంటున్నాం. 2019లో మియాపూర్‌లో ఇద్దరి పేరు మీద 62 లక్షలకు ఫ్లాట్ కొన్నాం. నాన్న నాకు పసుపు కుంకుమ కింద రాసిచ్చిన పొలం అమ్మి 14 లక్షలు కట్టాం, మిగతాది లోన్. ఇంకా 41 లక్షల బాకీ ఉంది, ఈఎంఐ 41,500. ఇప్పుడు ఫ్లాట్ 85 లక్షలు పలుకుతోంది. ‘ఫ్లాట్ నీకు రాసిస్తాను, లోన్ నువ్వు కట్టుకో, పాప నీ దగ్గరే ఉంటుంది, ఇక నన్నేమీ అడగొద్దు’ అంటున్నారు. నీడంటూ ఉంటుంది కదా, ఒప్పుకోమంటున్నారు మావాళ్లు. పెళ్లిలో పెట్టిన 40 కాసుల బంగారంలో సగం అత్తగారి లాకర్‌లో ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ఈ లెక్కకు ఒప్పుకోకండి. మీవాళ్లు మీ మంచి కోరే చెబుతున్నారు, కానీ ఇల్లు కనిపిస్తోంది గానీ ఈఎంఐ కనిపించడం లేదు వాళ్లకు. మీ జీతం మొత్తం కట్టినా నెలకు ఇంకో 13,500 అప్పు చేయాలి. అద్దెకిద్దామా అంటే, ఆ ధర ఫ్లాట్‌కు పాతిక వేలు వస్తే గొప్ప. మిగిలిన 16,500 మీ జీతంలోంచి పోతే చేతిలో ఉండేది 11,500. అందులోనే మీరు ఉండే ఇంటి అద్దె, పాప ఫీజులు, తిండి. ఇలా ఇంకో 14 ఏళ్లు.

అసలు బ్యాంకు ఒప్పుకోవాలి కదా. విడాకుల కాగితంలో ‘ఇకపై లోన్ భార్య కడుతుంది’ అని రాసుకున్నా బ్యాంకుకు దాంతో పని లేదు. లోన్ ఇద్దరి పేరునా ఉన్నంతకాలం ఎవరు ఆపినా నోటీసు ఇద్దరికీ వస్తుంది, సిబిల్ స్కోర్ ఇద్దరిదీ పడిపోతుంది. 28 వేల జీతం మీద 41 లక్షల లోన్ మీ ఒక్కరి పేరుకు మార్చే బ్యాంకు మేనేజర్‌ను నేనింతవరకు చూడలేదు.

ఇక ఆయన నిజంగా ఇస్తున్నదెంతో చూద్దాం. 85 లక్షల్లోంచి బాకీ తీసేస్తే 44 లక్షలు. అందులో సగం, 22 లక్షలు, ఇప్పటికే మీది. ఆయన వదులుకుంటున్నది మిగిలిన 22 లక్షలు. దానికి బదులుగా మీ భరణం, పాప చదువు, పాప పెళ్లి వరకు అన్నీ వదిలేయమంటున్నారు. భర్త జీతంలో 25 శాతం భార్యకు రావాలని రూలుందని చాలామంది నమ్ముతారు. అలాంటి రూలేమీ లేదు. 2017లో సుప్రీంకోర్టు ఒక కేసులో నికర జీతంలో 25 శాతం సమంజసమేనంది. అప్పటినుంచి ప్లీడర్లు దాన్ని కొలబద్దలా వాడుతున్నారు. మీకూ సంపాదన ఉంది కాబట్టి కోర్టు అంతే ఇస్తుందని చెప్పలేం. కానీ ఊరికే లెక్కేసి చూడండి: లక్షా 40 వేలలో 25 శాతం అంటే 35 వేలు. ఆ చొప్పున 22 లక్షలు అయిదేళ్ల మూడు నెలల్లో అయిపోతాయి. పాపకప్పుడు పదమూడేళ్లు. ఖర్చు పెరిగేది అప్పటినుంచే.

అందుకని నా సలహా తిరగేసి ఉంటుంది. ఫ్లాట్ ఆయన్నే ఉంచుకోమనండి. ఆయన జీతానికి లోన్ ఒక్కరి పేరు మీదకు మార్చుకోవడం, లేదా వేరే బ్యాంకుకు టేకోవర్ చేయించుకోవడం కష్టం కాదు. మీ వాటా డబ్బు రూపంలో అడగండి. ఎంత అన్నదగ్గర పొలం డబ్బు మాట ముందు తీయండి. పసుపు కుంకుమ కింద ఆడపిల్లకు రాసిచ్చింది స్త్రీధనం, దాని మీద పూర్తి హక్కు మీదే. కాబట్టి ముందు ఆ 14 లక్షలు పక్కన పెట్టి, మిగిలిన 30 లక్షలను చెరి సగం చేయమంటే మీ వాటా 29 లక్షలవుతుంది. ఆయన వెంటనే ఒప్పుకుంటారని కాదు, కానీ బేరం 22 దగ్గర కాకుండా 29 దగ్గర మొదలవుతుంది. దీనికి రుజువు కావాలి: నాన్నగారు రాసిన గిఫ్ట్ డీడ్, పొలం అమ్మిన దస్తావేజు, ఆ డబ్బు మీ ఖాతాలో పడి బిల్డర్‌కు వెళ్లినట్టు 2019 నాటి బ్యాంకు స్టేట్‌మెంట్. పాత స్టేట్‌మెంట్ తీయడానికి బ్రాంచిలో తిప్పించుకుంటారు, ఈ వారమే దరఖాస్తు పెట్టండి.

ఆయన ఉంచుకోలేనంటే అమ్మేయడమే. 2024 జూలై 23కు ముందు కొన్నది కాబట్టి లాభం మీద పన్నును రెండు పద్ధతుల్లో లెక్కేసి తక్కువ వచ్చేది కట్టొచ్చు. ఎవరి వాటా పన్ను వాళ్లదే.

పాప డబ్బు మీ డబ్బులో కలపకండి. ‘ఇంకేమీ అడగొద్దు’ అని మీరు మీ తరఫున సంతకం పెట్టగలరేమో గానీ, పాప పోషణ హక్కును తల్లిదండ్రులిద్దరూ కలిసి కూడా రాసివ్వలేరు. పాపకు నెలకింత అని విడిగా రాయించండి, ఏటా 8 శాతమో 10 శాతమో పెరిగేలా. ఇది రాయకపోతే ఈ రోజు 15 వేలు పదేళ్ల తర్వాత కూడా 15 వేలే. ధరలు ఏడాదికి 6 శాతం పెరిగితే అప్పటికి దాని విలువ నేటి 8,400తో సమానం. స్కూలు ఫీజు ఆయనే నేరుగా స్కూలుకు కట్టేలా ఉంటే ఇంకా మంచిది, ప్రతి జూన్‌లో ఫోన్ చేసి గుర్తు చేసే టెన్షన్ ఉండదు.

ఇక్కడ అందరూ మరిచిపోయేది ఒకటుంది. నెలనెలా వచ్చే డబ్బు ఆయన బతికున్నంతవరకే. ఆయన పేరు మీద కోటి రూపాయల టర్మ్ పాలసీ (గడువులోపు ఆయన చనిపోతేనే డబ్బు వచ్చే బీమా) తీసుకుని, 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద పాపను లబ్ధిదారుగా పెట్టమనండి. ప్రపోజల్ ఫారం నింపేటప్పుడే ఆ కాలమ్ పూర్తి చేయాలి. అలా తీసుకుంటే ఆ డబ్బు ఆయన అప్పులవాళ్లకు గానీ, రేపు ఆయన మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆ కుటుంబానికి గానీ పోదు. ప్రీమియం కట్టిన రసీదు ఏటా మీకు పంపాలని కూడా ఒప్పందంలో రాయించండి.

మీకొచ్చేది ఒకేసారి తీసుకోవడమా, నెలనెలానా? ఒకేసారి వచ్చే భరణాన్ని మూలధనంగా చూస్తారు, పన్ను ఉండదు. నెలనెలా వచ్చేది ఆదాయమే. మీ జీతానికి ఎలాగూ పన్ను పడే అవకాశం తక్కువ కాబట్టి దాన్నిబట్టి నిర్ణయించుకోనక్కర్లేదు. ఆయన ఉద్యోగం, ఆయన మాట మీద మీకెంత నమ్మకం అన్నదే ముఖ్యం. నేనైతే మీది ఒకేసారి, పాపది నెలనెలా అంటాను.

పరస్పర అంగీకారం కేసులో రెండు మోషన్లుంటాయి, అంటే ఇద్దరూ రెండుసార్లు కోర్టు ముందుకొచ్చి విడాకులకు ఒప్పుకున్నట్టు చెప్పాలి. మధ్య ఆరు నెలల గడువు, తగిన కారణాలుంటే కోర్టు దాన్ని మాఫీ చేయొచ్చని 2017లోనే సుప్రీంకోర్టు చెప్పింది. డిక్రీ వచ్చేలోపు ఎవరైనా వెనక్కి తగ్గొచ్చు. అందుకే డబ్బు విడతలుగా వస్తుంది: మొదటి మోషన్ రోజు కొంత, రెండో మోషన్ రోజు జడ్జి ముందు డీడీ రూపంలో మిగతాది. మీరు ఫ్లాట్ మీద హక్కు విడుదల దస్తావేజు ఇవ్వడం, ఆఖరి డీడీ మీ చేతికి రావడం, లోన్‌లోంచి మీ పేరు తీసేసినట్టు బ్యాంకు లెటర్ రావడం, ఈ మూడూ ఒకదానికొకటి ముడిపడి ఉండాలి. ముందు సంతకం పెట్టేసి లెటర్ కోసం ఎదురుచూస్తున్నవాళ్లు నా దగ్గరికి వస్తూనే ఉంటారు. విడుదల దస్తావేజు స్టాంపు డ్యూటీ ఎవరు కట్టాలో కూడా రాసుకోండి.

సంతకానికి ముందు ఆయన ఫారం 16 (జీతం, పన్ను వివరాలతో కంపెనీ ఇచ్చే కాగితం), పీఎఫ్ పాస్‌బుక్, కంపెనీ షేర్లు ఏవైనా ఇచ్చి ఉంటే ఆ వివరాలు అడగండి. భరణం కేసుల్లో ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం అఫిడవిట్‌గా ఇవ్వాలని 2020లో సుప్రీంకోర్టు ఆదేశించింది. కాబట్టి మీరు అడిగేది కొత్తేమీ కాదు.

బంగారం విషయం చిన్నబుచ్చుకుంటారని ఆగకండి. 40 కాసులంటే 320 గ్రాములు. పెళ్లి ఆల్బమ్ ముందేసుకుని వడ్డాణం, హారం, గాజులు అని వస్తువువారీగా, గ్రాముల్లో జాబితా రాయండి. పాత బిల్లులుంటే జతచేయండి. అది కూడా మీ స్త్రీధనమే, అత్తగారి లాకర్‌లో ఉన్నంత మాత్రాన వాళ్లదైపోదు. తిరిగిచ్చేటప్పుడు కాటా వేయించి తీసుకోండి. గోల్డ్ లోన్‌లో పెట్టి ఉన్నారేమో కూడా కనుక్కోండి, మన ఇళ్లలో ఇది మామూలే.

ఈలోగా మీ శాలరీ అకౌంట్‌కు ఏ ఫోన్ నంబర్ ఉందో చూసుకోండి. ఓటీపీ ఆయన ఫోన్‌కు వెళ్తున్న భార్యలు ఎంతమందో చెబితే ఆశ్చర్యపోతారు. జాయింట్ అకౌంట్ ఉంటే ఇద్దరి సంతకంతోనే డబ్బు తీసేలా మార్చమని బ్యాంకుకు రాసివ్వండి. ఆయన కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్‌లో మీరుంటే, డిక్రీ తర్వాత ఉండరు. మీకూ పాపకూ సొంత పాలసీ ఇప్పుడే తీసుకోండి, ముందునుంచి ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ ఉండొచ్చు.

డబ్బు చేతికొచ్చాక ఏడాదిపాటు పెద్ద నిర్ణయాలేవీ వద్దు. బ్యాంకు ఎఫ్‌డీల్లో పెట్టండి. ప్లాట్లు, చీటీలు, తమ్ముడికి చేబదులు, ఏవీ వద్దు.

మీ పీఎఫ్, బ్యాంకు, ఇన్సూరెన్స్‌లలో నామినీగా ఆయన పేరు దానంతటదే పోదు, మీరే మార్చాలి. పాపను పెట్టి, మైనర్ కాబట్టి మీ అమ్మగారినో అన్ననో అపాయింటీగా, అంటే పాప తరఫున డబ్బు తీసుకునే మనిషిగా, రాయండి. వీలునామా కూడా రాసుకోండి. లేకపోతే రేపు మీకేమైనా అయితే పాప డబ్బును చూసుకునే సహజ సంరక్షకుడు మళ్లీ ఆయనే.

ప్లీడర్ ఫీజుకు భయపడుతున్నట్టయితే, ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆడవాళ్లకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది. ఫోన్ నంబర్ 15100. ఒప్పందం డ్రాఫ్ట్ మాత్రం ఆయన లాయర్ రాసింది కాకుండా, మీ లాయర్ చదివిందే సంతకానికి రావాలి.