ఆ గడిలో టిక్ పెట్టకండి

ప్రశ్న: మాది ఉట్నూరు దగ్గర గోండు గూడెం. ఆశ్రమ పాఠశాలలో చదివి, హైదరాబాద్‌లో ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేశాను. ఇప్పుడు కెనడాలో, బ్రిటిష్ కొలంబియాలో చైల్డ్ అండ్ యూత్ కేర్ చదువుతున్నాను. తల్లిదండ్రులకు దూరంగా ప్రభుత్వ సంరక్షణలో పెరిగే పిల్లలకు, వాళ్ల కుటుంబాలకు తోడుండే 'ఇండిజినస్ కల్చరల్ సపోర్ట్ వర్కర్' ఉద్యోగం ఒకటి చూశాను. 'మీరు ఇండిజినస్ వ్యక్తా?' అని దరఖాస్తులో ఉంది. నాకు ఎస్టీ సర్టిఫికెట్ ఉంది. అవునని టిక్ పెట్టొచ్చా?

జవాబు: వద్దు. మీరు ఆదివాసీ కాదని కాదు. అక్కడ ఆ మాటకు అర్థం వేరు. కెనడా 1982 రాజ్యాంగ చట్టంలోని 35వ సెక్షన్ లెక్కలో ఫస్ట్ నేషన్స్, ఇన్యూట్, మెటీ ప్రజలే ఆ దేశపు ఆదివాసులు. (అక్కడ 1876 నాటి 'ఇండియన్ యాక్ట్' ఇప్పటికీ అమల్లో ఉంది. అందులో ఇండియన్ అంటే మనం కాదు, ఫస్ట్ నేషన్స్ వాళ్లు!) లేని గుర్తింపు చెప్పుకుని పదవులు పొందారన్న గొడవలు అక్కడా చాలా నడిచాయి. దొంగ ఎస్టీ సర్టిఫికెట్ల వల్ల మీ ఊళ్లలో ఎంత మంటో మీకు నేను చెప్పాలా?

ఆ ఉద్యోగం ఎందుకు పుట్టిందో తెలిస్తే ఆ గడి ఎందుకు పెట్టారో అర్థమవుతుంది. ఆదివాసీ పిల్లల్ని ఇంటికి దూరంగా ఉంచడానికి అక్కడ వంద సంవత్సరాలకు పైగా నడిపిన రెసిడెన్షియల్ స్కూళ్లలోకి సుమారు లక్షా యాభై వేల మందిని తీసుకెళ్లారు. సొంత భాష మాట్లాడితే శిక్ష. వాటిలో చివరివి మూతపడింది 1990ల చివర్లో. ఈలోగా, 1950ల నుంచి 1980ల దాకా, వేలాది ఆదివాసీ పిల్లల్ని సంక్షేమం పేరుతో ఇళ్ల నుంచి తీసి తెల్లవాళ్లకు దత్తతిచ్చారు. ఆ పని చేసింది మన వృత్తివాళ్లే, సోషల్ వర్కర్లే. కెనడా 2021 జనాభా లెక్కల్లో 14 ఏళ్లు, ఆలోపు వయసు పిల్లల్లో ఆదివాసీలు 7.7 శాతం. అదే వయసులో ఫోస్టర్ ఇళ్లలో (ప్రభుత్వం పిల్లల్ని పెంచమని అప్పగించే వేరేవాళ్ల ఇళ్లలో) ఉన్న పిల్లల్లో మాత్రం 53.8 శాతం. అందుకే 2020 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన కెనడా కేంద్ర చట్టం వరుస మార్చింది. బిడ్డను ముందు తల్లి లేదా తండ్రి దగ్గర, కుదరకపోతే బంధువుల దగ్గర, ఆ తర్వాత సొంత సమాజంలో ఉంచే వీలుందేమో చూడాలి. బయటివాళ్లు ఆఖరున. ఆ చట్టం చెల్లుతుందని 2024లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది.

ఇక పని సంగతి. పండక్కి డప్పు కొట్టించి ఫొటో తీయించడమే కల్చరల్ సపోర్ట్ అనుకుంటారు చాలామంది. అసలు పని వెతుకులాట. ఈ బాబుది ఏ నేషన్ (అక్కడ ఒక్కో ఆదివాసీ సమాజాన్ని అలా అంటారు), అమ్మమ్మ ఎక్కడుంది, ఏ పెద్దను అడిగితే వీడి వాళ్లెవరో చెబుతారు? ఒక్క బ్రిటిష్ కొలంబియాలోనే 200కు పైగా ఫస్ట్ నేషన్స్, 30కి పైగా భాషలు ఉన్నాయి. మైదాన ప్రాంతం నుంచి వచ్చిన క్రీ తెగ పిల్లాడికి సముద్రతీరపు తెగలు చెక్కే టోటెమ్ స్తంభం చూపించి 'ఇదే నీ సంస్కృతి' అంటే, గోండు పిల్లకి వేరే తెగ సవరల పాట నేర్పి మీ పాటే అన్నట్టుంటుంది. అక్కడి చాలా సమాజాల్లో పెద్దల్ని ఏదైనా అడిగే ముందు పొగాకు చేతికివ్వడం మర్యాద. అయితే అన్నిచోట్లా అదే పద్ధతి కాదు. ఇలాంటివి కోర్సులో వచ్చేవి కావు. కేస్లాపూర్‌లో నాగోబా పూజ మెస్రం వంశం వాళ్లే చేయాలి కదా? బయటివాడికి ఎంత భక్తి ఉన్నా వరుస వరుసే. ఇదీ అంతే.

అలాగని మీకు చోటు లేదనుకోకండి. అవే సంస్థల్లో ఫ్యామిలీ సపోర్ట్ వర్కర్, యూత్ వర్కర్, గ్రూప్ హోమ్‌లో (కొందరు పిల్లలు సిబ్బంది సంరక్షణలో కలిసి ఉండే ఇంట్లో) రిలీఫ్ షిఫ్టులు, అంటే రాని సిబ్బంది బదులు చేసే పని, ఉంటాయి. ప్రకటనలో 'ఆదివాసులకు ప్రాధాన్యం' అని ఉంటే ఇతరులూ దరఖాస్తు చేయొచ్చు, 'వారికి మాత్రమే' అని ఉంటే ఆగిపోండి. ఈ రెంటికీ తేడా చూడకుండానే చాలామంది వెనక్కి తగ్గుతారు. స్టడీ పర్మిట్ మీద తరగతులు నడిచే రోజుల్లో క్యాంపస్ బయట వారానికి 24 గంటలే పని అని మాత్రం మరిచిపోవద్దు.

కవర్ లెటర్‌లో మీ గూడెం గురించి రాయండి, కానీ పోలిక పెట్టొద్దు. 'మీ బాధ నాకు తెలుసు' అనే వాక్యం నేనైతే కొట్టేస్తాను. ఆశ్రమ పాఠశాల హాస్టల్‌లో రాత్రిపూట మీరు గోండిలో ఎవరితో మాట్లాడేవారు, తెలుగు తరగతిలో మొదటి ఏడాది ఎలా గడిచింది? ఆ రెండు మూడు వాక్యాలు చాలు. చదివేవాళ్లకు మిగతాది అర్థమవుతుంది. ఇంటర్వ్యూలో 'మీకు తెలియనిది ఎదురైతే ఏం చేస్తారు?' అని అడిగితే తడుముకోకుండా 'కల్చరల్ వర్కర్‌ని, ఆ కుటుంబాన్ని అడుగుతాను' అనండి.

డ్రైవింగ్ లైసెన్స్ లేకపోతే ముందు ఆ పని చూడండి. పిల్లల్ని ఊళ్లకు తీసుకెళ్లి తీసుకురావడం ఈ ఉద్యోగాల్లో సగం పని, చాలా దరఖాస్తులు అక్కడే ఆగిపోతాయి. క్రిమినల్ రికార్డ్ చెక్ ఎలాగూ తప్పదు. కొన్నిచోట్ల ఇండియా నుంచి పోలీస్ క్లియరెన్స్ కూడా అడగొచ్చు, దానికి రోజులు పడతాయి కాబట్టి ఇప్పుడే మొదలుపెట్టండి.