మేనేజర్ అడగలేదు, అయినా అర్ధరాత్రి జవాబిస్తున్నాను

ప్రశ్న: నా వయసు 26. మా ఆఫీసులో ఫ్లెక్సీ టైమింగ్స్. పని పూర్తయితే చాలు, ఎప్పుడు చేశావని ఎవరూ అడగరు. ఎక్కువగా ఇంటి నుంచే చేస్తాను. మధ్యాహ్నం ఒక రెండు గంటలు నా సొంత పనులు చూసుకుంటాను. కానీ రాత్రి ఏ వేళ మెసేజ్ వచ్చినా వెంటనే జవాబివ్వకపోతే గుండె దడగా ఉంటుంది. ఫోన్ దిండు పక్కనే పెట్టుకుంటాను. మోగకపోయినా మోగినట్టనిపించి లేచి చూస్తాను. మొన్న అమ్మ ఏదో చెబుతుంటే మధ్యలో ఫోన్ తీశాను. ‘నువ్వు ఇంట్లో ఉన్నా లేనట్టే’ అని లేచి వెళ్లిపోయింది. అప్పటి నుంచి ముభావంగా ఉంటోంది. మేనేజర్ నన్ను ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. మరి నాకెందుకు ఇంత టెన్షన్?
- ఒక సోదరి

జవాబు: మధ్యాహ్నం తీసుకునే రెండు గంటల గురించి, రాత్రి ఇచ్చే జవాబుల గురించి మీరు విడివిడిగా రాశారు. నాకు మాత్రం ఆ రెండింటికీ సంబంధం ఉందనిపిస్తోంది. ఆ రెండు గంటలు మీకు కంపెనీ ఇచ్చినవే. అయినా మనసులో ఎక్కడో తప్పు చేస్తున్నట్టు ఉంది. దానికి రాత్రంతా వడ్డీ కడుతున్నారు.

ఆఫీసులో కూర్చుంటే మీరు పని చేస్తున్న సంగతి నలుగురికీ కనిపిస్తుంది. ఇంట్లో అలా కాదు. ఆఫీసు చాట్‌లో మీరు ఆన్‌లైన్‌లో ఉన్నారని చూపిస్తూ మీ పేరు పక్కన వెలిగే ఆకుపచ్చ చుక్క, ఎంత త్వరగా జవాబిచ్చారన్నది, ఈ రెండే సాక్ష్యాలని మీకనిపిస్తోంది. ఉద్యోగానికి కొత్తవాళ్లను ఇది ఎక్కువగా పట్టుకుంటుంది. సీనియర్లు సాయంత్రం లాప్‌టాప్ మూసి, బ్యాగ్ తగిలించుకుని వెళ్లిపోవడం మీరు రోజూ చూస్తుంటే, పనికి ఒక ముగింపు ఉంటుందని ఎవరూ చెప్పకుండానే తెలిసేది. ఇప్పుడు మీకు కనిపించేది వాళ్లు రాత్రి పదకొండుకు పంపే మెసేజ్ ఒక్కటే. అదే మనిషి సాయంత్రమంతా పిల్లలతో గడిపి, వాళ్లు పడుకున్నాక లాప్‌టాప్ తెరిచి ఉండవచ్చు. మీకు మధ్యాహ్నం ఎలా వీలో, వాళ్లకు రాత్రి అలా వీలు.

ఇది మీ ఒక్కరి భ్రమ కాదు. లారా జుర్జ్, వనెసా బోన్స్ అనే పరిశోధకులు 2021లో దీన్నే పరిశీలించారు. పని వేళలు దాటాక అత్యవసరం కాని మెయిల్ వస్తే, పంపినవాళ్లు ఆశించిన దానికన్నా త్వరగా జవాబివ్వాలేమోనని అందుకున్నవాళ్లు అనుకుంటున్నారని తేలింది. ‘తొందరేం లేదు’ అని పంపినవాళ్లు ఒక్క ముక్క రాస్తే ఆ ఒత్తిడి తగ్గింది. కాబట్టి మీ మేనేజర్ ఏమనుకుంటున్నారో ఊహించడం మానేసి, అడిగేయండి. ఇలా రాయవచ్చు: ‘రాత్రి తొమ్మిది దాటాక వచ్చే మెసేజ్‌లకు మర్నాడు ఉదయం జవాబిస్తాను. ఏదైనా అర్జంటైతే దయచేసి కాల్ చేయండి, ఎత్తుతాను. ఇది మీకు ఇబ్బందైతే చెప్పండి, మాట్లాడుకుందాం.’ సంజాయిషీ ఏమీ జోడించకండి. మధ్యాహ్నం ఏ వేళలో అందుబాటులో ఉండరో కూడా క్యాలెండర్‌లో అందరికీ కనిపించేలా పెట్టేయండి. దాచి తీసుకుంటున్నట్టు అనిపించేంత కాలం ఆ గంటలు మీకు విశ్రాంతినివ్వవు.

‘కుదరదు, రాత్రి కూడా చూడాల్సిందే’ అనే జవాబు వస్తే? అప్పుడు అది మీ మనసులోని భయం కాదు, పని భారం. ఏయే రోజుల్లో ఎవరు చూడాలో టీమ్‌లో వంతులు వేయమని, రాత్రి పనిచేసిన మర్నాడు ఆలస్యంగా మొదలుపెట్టనివ్వమని అడగండి. ఇలా అడగడం బద్ధకం కాదు. పని వేళలు దాటాక ఫోన్ పక్కన పెట్టే హక్కును ఫ్రాన్స్ 2017 నుంచి, ఆస్ట్రేలియా 2024 నుంచి చట్టంలోనే గుర్తించాయి.

మేనేజర్‌తో మాట్లాడాక ఫోన్ సంగతి చూడండి. ఆఫీసు యాప్‌ల నోటిఫికేషన్లు రాత్రి వాటంతటవే ఆగిపోయేలా టైమ్ సెట్ చేయండి, కాల్స్ మాత్రం మోగనివ్వండి. ఛార్జర్‌ను పడకగదిలోంచి తీసేయండి. అలారం కోసమే ఫోన్ దగ్గర ఉంచుకుంటున్నారా? విడిగా ఒక గడియారం కొనుక్కోండి. మోగకుండానే మోగినట్టనిపించడం చాలామందికి జరిగేదే, దానికి భయపడకండి. మొదటి కొన్ని రాత్రులు మాత్రం చెయ్యి ఫోన్ కోసం వెతుకుతుంది. దడ కాస్త పెరిగినట్టు కూడా అనిపించవచ్చు. ఉదయం చూస్తే ఏ కొంపా మునిగి ఉండదు. అలా కొన్ని ఉదయాలు గడిస్తేనే భయం సడలుతుంది, నచ్చజెప్పుకుంటే సడలదు.

ఇక అమ్మ. ఆవిడ అన్న మాట కటువుగా ఉన్నా, అందులో నిజం ఉంది. ఒక పని మధ్యలో వదిలి ఇంకోదానికి వెళ్తే మనసులో కొంత భాగం మొదటి పని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ 2009లోనే తన పరిశోధనలో చూపించారు. ఫోన్ చూసింది అర నిమిషమే కావచ్చు. కానీ ఆ తర్వాత అమ్మ చెప్పినదాంట్లో మీకు ఎంత గుర్తుంది? ‘ఫోన్ చూడనమ్మా’ అని ఒట్టు పెట్టకండి, అది నిలబడదు. ‘ఆ రోజు నువ్వు చెబుతుంటే మధ్యలో ఫోన్ తీశాను, తప్పే. ఏం చెప్పబోయావో ఇప్పుడు చెప్పు’ అని అడగండి. మీకున్న దడ, నిద్ర పట్టకపోవడం గురించి కూడా ఆవిడతో చెప్పండి. కూతురు తనను పట్టించుకోవడం లేదని ఆవిడ అనుకుంటున్నారేమో. మీరు భయంతో సతమతమవుతున్నారని తెలిస్తే ఆ ముభావం ఉండదని నా నమ్మకం.

ఇవన్నీ చేశాక కూడా రెండు మూడు వారాల్లో నిద్ర కుదుటపడకపోయినా, పని లేనప్పుడూ దడ వస్తున్నా డాక్టర్‌ను కలవండి. ఇంకాస్త చూద్దామని వాయిదా వేయకండి.