టెక్ సందేహాలు: స్నేహితురాలికి బాలమురళిని పరిచయం చేయడానికి ఏ కచేరీ వీడియో పంపాలి?

ప్రశ్న: నేను చెన్నై వేళచ్చేరిలో ఉంటాను. మా ఆఫీసులో నాతో పనిచేసే నాసిక్ అమ్మాయి హిందీ సినిమా పాటలు, గజళ్లు తప్ప మరేమీ వినలేదు. డిసెంబరులో ఇక్కడ జరిగే కర్ణాటక సంగీత కచేరీల గురించి మేము మాట్లాడుకుంటుంటే విని, "మీరు ఇంతగా చెప్పుకొనే బాలమురళీకృష్ణ గారిది ఒక్క వీడియో పంపు, చూస్తాను" అంది. యూట్యూబ్‌లో వెతికితే ఒకే కచేరీ నాలుగైదు చోట్ల, ఒక్కోటి ఒక్కోలా ఉంది. కొన్నింటి మీద 4కె అని కూడా రాశారు. దేన్ని నమ్మాలి? ఆమె ఎక్కువగా రైల్లో, ఇయర్‌బడ్స్ పెట్టుకొని ఫోన్‌లోనే చూస్తుంది.

జవాబు: ముందు చెవితో ఎంచుకోండి, ఆ తరువాతే కంటితో. కోనసీమలోని శంకరగుప్తంలో 1930లో పుట్టి, 2016లో చెన్నైలో కన్నుమూసిన ఆ మహానుభావుడి గొంతులో గొప్పతనం చాలావరకు మంద్రస్థాయిలో, అంటే కింది స్వరాల్లో, దాదాపు మాట్లాడుతున్నంత మెల్లగా పలికే చోటనే ఉంది. రికార్డింగు ఆ మెత్తదనాన్ని మింగేస్తే, తక్కినదంతా ఎంత బాగున్నా మీ స్నేహితురాలికి మీరు వినిపించాలనుకొన్నది వినిపించదు. అందువల్ల ప్రతి వీడియోలోనూ ఆయన కింది స్వరాలకు దిగే ఒక చోటును వెతికి పట్టుకొని, ఆమె వాడే రకం మామూలు ఇయర్‌బడ్స్ పెట్టుకొని, కళ్లు మూసుకొని అర నిమిషం వినండి. గొంతు వెనుక తంబూరా నిలకడగా వినిపిస్తూ ఉండాలి. పాడుతున్నంతసేపూ తంబూరా మాయమై, ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగగానే అది పైకి ఉబికి వస్తుంటే, రికార్డు చేసిన పరికరం తనంతట తానే శబ్దాన్ని పెంచుతూ తగ్గిస్తూ పోయిందని అర్థం. ప్రేక్షకుల మధ్య నుంచి ఫోన్‌తో తీసినవాటిలోనూ, పాత క్యాసెట్ రికార్డర్లతో పట్టినవాటిలోనూ ఇది తరచుగా కనిపిస్తుంది. చప్పట్లు కూడా మంచి పరీక్షే. అవి నీళ్లలో బుడగల్లా గలగలమంటే, ఆ ఫైలును ఎన్నోసార్లు కుదించి, మళ్లీ మళ్లీ ఎక్కించారన్న మాట.

4కె అన్న ముద్రను పట్టించుకోనవసరం లేదు. దూరదర్శన్ కాలపు టేపుల్లో తెర మీద కనిపించే గీతలు 576 మాత్రమే, సెకనుకు 25 ఫ్రేములు. 4కె అంటే 2,160 గీతలు. మధ్యలో లేనివన్నీ సాఫ్ట్‌వేర్ ఊహించి నింపినవే కాబట్టి ముఖం మైనపు బొమ్మలా నున్నబడి, వయొలిన్ వాయించే వేళ్లు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. దాదాపు చతురస్రంగా ఉండే పాత బొమ్మను వెడల్పు తెరకు సాగదీసినవి ఇంకా ఘోరం. ఇరుపక్కలా నల్లటి పట్టీలున్న వీడియోయే అసలు రూపానికి దగ్గరగా ఉంటుంది. పైగా యూట్యూబ్‌లో బొమ్మ, శబ్దం వేర్వేరు ప్రవాహాలుగా వస్తాయి గనుక 4కె ఎంచుకొన్నంత మాత్రాన పాట మెరుగుపడదు. మద్రాసు దూరదర్శన్ కేంద్రం మొదలైందే 1975లో. అంతకు ముందటి కచేరీలు ఎక్కువగా శబ్దరూపంలోనే మిగిలాయి కాబట్టి, ఒకే ఒక ఫొటో పెట్టి పాట మాత్రమే వినిపించే వీడియో దొరికినా, శబ్దం బాగుంటే నిస్సందేహంగా దాన్నే తీసుకోండి.

ఇంకొక చిక్కును చాలామంది గమనించరు, అది వేగం. పాత టేపును కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు టేపు కొంచెం వేగంగా తిరిగినా, కాపీరైటు తనిఖీకి చిక్కకుండా ఎవరైనా కావాలని వేగం మార్చినా, శ్రుతి, అంటే స్వరాల ఎత్తు కూడా దానితోపాటు మారిపోతుంది. సుమారు 6 శాతం వేగం పెరిగితే శ్రుతి ఒక అర్ధస్వరం (హార్మోనియంలో పక్కపక్క మెట్ల మధ్య ఉండేంత తేడా) పైకి పోతుంది. దీన్ని పట్టుకోవడానికి సంగీతం తెలియనవసరం లేదు. ఒకే కీర్తన ఒక వీడియోలో సరిగ్గా 10 నిమిషాలుండి, ఇంకొక వీడియోలో అదే 9 నిమిషాల 26 సెకన్లకే ముగిసిందంటే రెండింటిలో ఒకటి తప్పు. మృదంగం పలచగా, గొంతు కుర్రవాడిదిలా వినిపించేది సాధారణంగా వేగం పెరిగినదే. అనుమానం తీరకపోతే, ఫోన్‌లో శ్రుతిని చూపించే ట్యూనర్ యాప్ ఒకటి వేసుకొని, అదే కాలానికి చెందిన ఆయన ఇతర కచేరీల శ్రుతితో పోల్చి చూడండి.

ఇక అసలు ప్రశ్న, కచేరీలో ఏ భాగం పంపాలన్నది. రెండున్నర గంటల కచేరీ లింకును మొదటి నుంచి పంపితే, కొత్తవారు కచేరీ మొదట్లో పాడే వర్ణం దగ్గరే ఆగిపోతారు. అది కచేరీకి ఎంత అవసరమో, తొలి పరిచయానికి అంత అనవసరం. ఆయన స్వయంగా సృష్టించిన మహతి, లవంగి వంటి నాలుగు స్వరాల రాగాలను మొదట వినిపించాలని చాలామందికి అనిపిస్తుంది. నాకు వాటి మీద ఎంతో మమకారం ఉన్నా ఆ సలహా ఇవ్వను. మామూలు రాగంలో స్వరాలు ఎన్ని ఉంటాయో ఎరగనివారికి నాలుగింటితోనే రాగాన్ని నిలబెట్టడంలోని సాహసం అందదు. మీ స్నేహితురాలు గజళ్లు వింటుందన్నారు చూడండి, దారి అక్కడే ఉంది. ఒకే పంక్తిని గాయకుడు తిప్పి తిప్పి పాడుతుంటే, ప్రతిసారీ అందులోంచి కొత్త భావం పుట్టడం ఆమెకు అలవాటైన ఆనందమే. మన కచేరీలో నెరవల్ సరిగ్గా ఆ పనే చేస్తుంది. కాబట్టి నెరవల్ ఉన్న కీర్తనను ఎంచుకొని, ఆ పంక్తి మొదలవడానికి ఒక నిమిషం ముందు నుంచి, పది పన్నెండు నిమిషాలు మాత్రమే చూడమని చెప్పండి. ఆ ఒక్క పంక్తికి అర్థం హిందీలోనో ఇంగ్లీషులోనో రెండు వాక్యాల్లో రాసి పంపండి. యూట్యూబ్ తనంతట తాను వేసే సబ్‌టైటిళ్లను పాటల విషయంలో నమ్మకండి, సాగదీసిన అక్షరాలను అవి గుర్తుపట్టలేవు. కెమెరా వయొలిన్ విద్వాంసుణ్ని కూడా చూపిస్తోందా అన్నది కూడా చూసుకోండి. గొంతు వేసిన ప్రశ్నకు వయొలిన్ జవాబిచ్చే తీరు కళ్లతో చూస్తేనే కొత్తవారికి తొందరగా పట్టుబడుతుంది. అది నచ్చితే ఆ తరువాత ఆయన తిల్లానా, అంటే కచేరీ చివర్లో పాడే లయప్రధానమైన హుషారు పాట ఒకటి పంపవచ్చు.

లింకు తయారు చేయడం తేలిక. కంప్యూటర్లో వీడియోను కావలసిన చోట ఆపి, దాని మీద రైట్ క్లిక్ చేస్తే, ఆ సమయంతో కూడిన లింకును కాపీ చేసుకొనే వీలుంటుంది. సమయం లింకు చివర సెకన్లలో కనిపిస్తుంది, అంటే 42 నిమిషాల 30 సెకన్ల దగ్గర ఆపితే 2550 అని ఉంటుంది. ఆమె ఫోన్‌లో మాత్రం ఒక సెట్టింగు తప్పకుండా మార్పించండి. వీడియో నడుస్తుండగా గేర్ గుర్తు నొక్కి, అదనపు సెట్టింగుల్లోకి వెళితే 'స్టేబుల్ వాల్యూమ్' అనేది కనిపిస్తుంది. మాటల వీడియోలకు అది మేలే గానీ, చిన్న శబ్దాలను పెంచి పెద్దవాటిని తగ్గిస్తుంది కాబట్టి, పైన చెప్పిన మెత్తదనాన్ని అదే చెరిపేస్తుంది. దాన్ని ఆపేయాలి. పాత టేపులకు 480 నాణ్యత చాలు, డేటా కూడా మిగులుతుంది. రైలు రొదకు మొదట బలయ్యేది మంద్రస్థాయే కనుక, మొదటిసారి మాత్రం ఇంట్లోనే వినమని గట్టిగా చెప్పండి.

ప్రశ్న: మా గురువుగారి కచేరీని, సభవారి అనుమతితోనే, ఫోన్‌లో తీశాను. స్నేహితుడికి వాట్సాప్‌లో పంపితే బొమ్మ, పాట రెండూ పాడైపోతున్నాయి. (పెరంబూరు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: వీడియోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించే పంపుతుంది, హెచ్‌డీ ఎంచుకొన్నా కొంత కుదింపు తప్పదు. పేపర్ క్లిప్ గుర్తు నొక్కి, 'డాక్యుమెంట్' అన్న దారిలో అదే ఫైలును పంపితే, 2 జీబీ వరకు ఉన్నది ఉన్నట్టుగా చేరుతుంది.

ప్రశ్న: బెంగళూరులో నేను, చెన్నైలో నా స్నేహితుడు వీడియో కాల్‌లో కలిసి కచేరీ చూద్దామనుకొన్నాం. నేను ల్యాప్‌టాప్‌లో పెట్టి ఫోన్ దగ్గర ఉంచితే, అవతల పాట తెగి తెగి వినిపిస్తోందట. నెట్ బాగానే ఉంది. (మల్లేశ్వరం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: తప్పు నెట్‌ది కాదు. కాల్ యాప్‌లు మాటను మాత్రమే నిలిపి, ఫ్యాన్ హోరులాగా ఎడతెగకుండా వచ్చే శబ్దాన్ని తీసివేసేలా తయారయ్యాయి. తంబూరా నాదం వాటి లెక్కకు అచ్చంగా అలాంటిదే. గాయకుడు ఒక స్వరం మీద చాలాసేపు నిలిచినప్పుడు ఆ స్వరమూ దానితోపాటు కోతకు గురవుతుంది. మైకు ద్వారా పాటను పంపే ప్రయత్నం మానుకొని, గూగుల్ మీట్‌లో అయితే యూట్యూబ్ తెరిచిన ట్యాబునే, దాని ఆడియోతో సహా షేర్ చేయండి. జూమ్‌లో అయితే స్క్రీన్ షేర్ చేసేటప్పుడు 'షేర్ సౌండ్' గడిలో టిక్ పెట్టండి. అన్నింటికన్నా మంచి శబ్దం కావాలంటే ఎవరి పరికరంలో వారు అదే వీడియోను ఒకేసారి మొదలుపెట్టి, కాల్‌ను మాటలకు మాత్రమే వాడుకోండి. ఇద్దరూ ఇయర్‌ఫోన్లు పెట్టుకొంటే ఒకరి పాట ఇంకొకరి మైకులో పడదు, ఒకటి రెండు సెకన్ల తేడా వచ్చినా కబుర్లకు అడ్డు రాదు.